దుకాణం షట్టర్ ఎప్పుడు దించాలి?

ధర్మసమ్మతమైన సంపాదన కోసం శ్రమించడం ఇస్లాం దృష్టిలో పుణ్యకార్యం. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా నుండి వలస వచ్చినప్పుడు ఆయన అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎటు ఉందో చూపమని మాత్రమే అడిగారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగుగడ్డలు అమ్మి తన కాళ్ళపై తాను నిలబడ్డారు. కాబట్టి చిన్న వ్యాపారానికి మన ధర్మంలో ఉన్న గౌరవం గురించి చర్చ అక్కర్లేదు. చర్చంతా వేళల గురించే.

కిరాణా కొట్టు, టైలరింగ్ షాపు, చెప్పుల దుకాణం నడిపే మన సోదరులను చూడండి. ఉద్యోగికి ఆఫీసు మూసే వేళ ఒకటుంటుంది. వీరికి అది లేదు. చివరి గిరాకీ వెళ్ళేదాకా గల్లా పెట్టె ముందు నుండి లేవరు. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. ఆయన లేచేసరికి వారు బడికి వెళ్ళిపోతారు. అడిగితే, "ఇదంతా వాళ్ళ కోసమే కదా మౌలానా!" అంటారు.

ఈ మాటను మేము తేలిగ్గా కొట్టిపారేయము. ఇంటివారిపై అల్లాహ్ ప్రసన్నత కోసం చేసే ఖర్చుకు పుణ్యం ఉందని దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు తెలియజేశారు. అయితే అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణ గమనించండి: భార్య నోటికి అందించే ముద్ద. ముద్ద అందించాలంటే భోజనం వేళకు ఇంట్లో ఉండాలి కదా!

బుఖారీలోని మరో ఉదంతం తెలిసిందే. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన సోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య మాసిన దుస్తుల్లో కనిపించారు. కారణం అడిగితే, తన భర్తకు ప్రాపంచిక విషయాలపై ఆసక్తి లేదని ఆమె చెప్పారు. ఆయన పగలు ఉపవాసం, రాత్రి నమాజులో గడిపేవారు. ప్రభువుకు, శరీరానికి, ఇంటివారికి, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని సల్మాన్ (రజి) బోధించారు. ఆ మాట నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. అక్కడ అబూ దర్దా (రజి)ను ఇంటికి దూరం చేసింది వ్యాపారం కాదు, ఆరాధన. నఫిల్ ఆరాధనే భార్యాబిడ్డల హక్కును మింగకూడదంటే, నలుగురు గిరాకీల కోసం దాన్ని వదిలేయడం ఎలా చెల్లుతుంది?

ఇక శుక్రవారం. రోజంతా దుకాణం మూయమని షరీఅత్ చెప్పలేదు. పిలుపు వినగానే వ్యాపారం వదలాలని, నమాజు ముగిశాక మళ్ళీ ఉపాధి వెతుక్కోవచ్చని జుమా సూరా బోధిస్తుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం జుమా విధి అయినవారికి మొదటి అజాన్ తర్వాత క్రయవిక్రయాలు మక్రూహె తహ్రీమీ. షట్టర్ సగం దించి లోపల బేరం సాగించినా అంతే.

అసలు చిక్కు రమజాన్ చివరి పది రాత్రులది. దైవప్రవక్త (స) ఆ రాత్రుల్లో తాను మేల్కొని, ఇంటివారిని కూడా మేల్కొలిపేవారు. మన బజార్లలో గిరాకీ అంతా ఆ రాత్రులకే. హైదరాబాద్ చార్మినార్, పత్తర్‌గట్టీ ప్రాంతాల్లో అర్ధరాత్రి దాటినా అడుగు పెట్టే సందుండదు. బట్టలు, గాజులు, చెప్పులు అమ్మేవారిలో ఎందరికో ఏడాది అప్పు తీరేది అప్పుడే. వారిని కొట్టు కట్టేయమని చెప్పడం మాకు సబబుగా తోచదు.

దీనికి దారి హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో ఉంది. ఆయన మదీనా శివారులో ఉన్నప్పుడు ఒక అన్సారీ ఇరుగువారితో వంతులు వేసుకున్నారు. ఒక రోజు ఆయన, మరునాడు ఈయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి, అక్కడి విషయాలు రెండోవారికి చెప్పేవారు. అంత జాగ్రత్త పడినా, ఒక హదీసు తనకు తెలియకపోయినప్పుడు, బజారు పని తనను అటు పోనివ్వలేదని తర్వాత ఆయనే అన్నారు! అన్నదమ్ములో, తండ్రీకొడుకులో కలిసి నడిపే దుకాణంలో ఈ పద్ధతి ఎందుకు పెట్టుకోకూడదు? బేసి రాత్రులు ఐదు. ఒకరికి మూడు, మరొకరికి రెండు వస్తాయి. ఒంటరిగా కొట్టు నడిపేవారు కనీసం ఇషా, ఫజర్ జమాఅత్‌తో చేసుకోవాలి. ఇషా జమాఅత్‌తో చేస్తే సగం రాత్రి, ఫజర్ కూడా చేస్తే రాత్రంతా నమాజులో నిలబడినంత పుణ్యమని ముస్లింలోని హదీసు తెలుపుతోంది.

మిగతా పదకొండు నెలలకు ఉపాయం ఇంకా సులువు. ఉదయపు వేళలో శుభం కోసం దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సఖ్ర్ (రజి) వ్యాపారి. సరుకును పొద్దున్నే పంపేవారు, సంపన్నులయ్యారు. మనలో కొందరు పదకొండింటికి తెరిచి, రాత్రి పదకొండింటికి మూస్తారు. రెండు గంటలు ముందుకు జరిపి చూడండి.

చివరగా మీ దుకాణంలో పనిచేసే కుర్రవాళ్ళ సంగతి. ఫర్జ్ నమాజుకు వెళ్ళకుండా వారిని ఆపే హక్కు యజమానికి లేదు. రమజాన్ రాత్రుల వంతుల్లో వారి పేర్లు కూడా రాయండి. జీతం, ఈదీ పండుగకు రెండు రోజుల ముందే ఇచ్చి, ఒక సాయంత్రం త్వరగా పంపండి. బజారు కట్టేశాక విడిచిపెడితే వాళ్ళు తమ తల్లికి, చెల్లెళ్ళకు బట్టలు ఎక్కడ కొంటారు?