ఎవరూ చూడని ఇంట్లో యోసేపు



ఈరోజు మన ధ్యాన భాగం ఆదికాండము 39వ అధ్యాయం. మొత్తం 23 వచనాలే. డ్యూటీకి వెళ్లే బస్సులో కూడా చదివేయవచ్చు. ముందు అది చదివి, తర్వాత ఇది చదవండి.

యోసేపు పరదేశంలో పనిచేసినవాడు. మనం అప్పో సప్పో చేసి, వీసా తీసుకుని మన ఇష్టంతో వచ్చాం. అతణ్ణి మాత్రం సొంత అన్నలే 20 తులముల వెండికి అమ్మేశారు. అప్పటికి అతని వయసు 17 ఏళ్లు. ఊరు వేరు, భాష వేరు, దేవుళ్లు వేరు. తండ్రేమో కొడుకు చచ్చిపోయాడనుకుని ఏడుస్తున్నాడు. అలాంటి కుర్రాడి చేతిలో పోతీఫరు ఇల్లంతా పెట్టాడు. ఇక్కడ కువైట్‌లో బాబా ఇంటి తాళాలు చేతికిచ్చాడంటే ఎంత నమ్మకమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ అధ్యాయం మీద ప్రసంగం చేసే చాలామంది 12వ వచనం దగ్గరే ఆగిపోతారు. వస్త్రం వదిలేసి పారిపోయాడు, హల్లెలూయా అంటారు. మంచిదే. కానీ అంతకుముందున్న రెండు వచనాలు చూడండి. ఆమె రోజూ అడుగుతూనే ఉందని 10వ వచనం చెబుతోంది. అతను ఆ పనికి ఒప్పుకోకపోవడమే కాదు, ఆమె దగ్గర ఉండటానికి కూడా ఒప్పుకోలేదు. ఇక 11వ వచనంలో, ఆ రోజు ఇంట్లో మనుషులెవరూ లేరు. ఆ ఒంటరి రోజున అతని కాళ్లు పరుగెత్తాయంటే, అంతకుముందు ఎన్నో రోజులుగా దూరం జరగడం అలవాటు చేసుకున్నవి కాబట్టే.

మన 11వ వచనం రాత్రి పదకొండింటికి మొదలవుతుంది. రూములో లైటు ఆరిపోతుంది, పక్క మంచం అన్న గురక పెడుతుంటాడు, దుప్పటి కింద ఫోను వెలుగుతుంటుంది. ఊళ్లో అయితే అమ్మ చూస్తుంది, పాస్టరుగారు అడుగుతారు, టీ కొట్టు దగ్గర నలుగురూ గమనిస్తారు. ఇక్కడ అడిగేవాళ్లెవరు?

ఫోనే పాపం అని కొందరు సేవకులు అంటారు. నేనొప్పుకోను. పిల్లల మొహం చూపించేది అదే, ఈ వాక్యం మీకు అందించేదీ అదే. చిక్కెక్కడంటే, వార్తాపత్రికకి చివరి పేజీ ఉంటుంది, రీల్స్‌కి ఉండదు. పది నిమిషాలనుకున్నది ఒంటిగంట అవుతుంది. అక్కడినుంచి చూడకూడని వీడియో ఒక్క వేలు దూరం. రోజంతా ఇంటిపని చేసి అలసిపోయిన అక్కలకైతే ఇంకో రూపంలో వస్తుంది. ముక్కూ మొహం తెలియనివాడు "తిన్నావా" అని రోజూ మెసేజ్ పెడతాడు. ఆ మాట అడిగే దిక్కులేని చోట అదెంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ తర్వాత ఫొటో అడుగుతాడు, ఆ తర్వాత డబ్బు అడుగుతాడు.

బెట్టింగ్ యాప్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మొదట బోనస్ అంటుంది, చిన్న గెలుపు రుచి చూపిస్తుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలనే ఆశతోనే మిగతాదంతా లాగేస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపడానికి 2025లో మన దేశంలో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. ఒకటో తారీఖున జీతం పడుతుంది, ఊళ్లో ఏజెంటుకి కట్టిన అప్పుకి రెండు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది, ఆ డబ్బు ఒక్క మ్యాచ్‌లో పోతుంది. ఇంటికి "ఈ నెల జీతం లేటు" అని చెప్పాల్సొస్తుంది. ఆటతో పాటు అబద్ధం కూడా మొదలవుతుంది.

యోసేపు ఆమెకు చెప్పిన జవాబులో ముందు యజమాని నమ్మకం గుర్తుచేశాడు, తర్వాత దేవుని పేరెత్తాడు. మనల్ని నమ్మినవాళ్లు ఊళ్లో నెలలు లెక్కపెడుతున్నారు.

కాబట్టి 10వ వచనం పని పగలే చేయండి. జీతం పడిన రోజే ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లి ఇంటికి పంపేయండి, జేబులో లేని డబ్బుతో ఆడలేరు. ఆ యాప్ తీసేయండి, ఆ నంబరు బ్లాక్ చేయండి. ముఖ్యంగా, శుక్రవారం ఆరాధనలో నమ్మకమైన ఒక్క సహోదరుడితో, అక్కలైతే ఒక సహోదరితో, ఉన్నదున్నట్టు చెప్పుకోండి. సెలవు దొరకనివాళ్లు ఫోన్లోనైనా చెప్పుకోండి. శోధనతో పాటు తప్పించుకునే దారి కూడా దేవుడు ఇస్తాడని పౌలు 1 కొరింథీయులకు 10:13లో రాశాడు. చాలాసార్లు ఆ దారి మన పక్క మంచం మీదే పడుకుని ఉంటుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. నీతిగా నిలబడినందుకు యోసేపుకి జీతం పెరగలేదు. నింద పడింది, చెరసాల వచ్చింది. సాయం చేయాల్సిన పానదాయకుల అధిపతి అతణ్ణి మర్చిపోయాడు, అలా ఇంకో రెండేళ్లు గడిచాయి. ఫరో ముందు నిలబడేసరికి అతనికి 30 ఏళ్లు. "యాప్ తీసేశాను, అయినా అప్పు అలాగే ఉంది" అని మీరంటే, అవును, కొన్నాళ్లు అలాగే ఉంటుంది. కానీ 21వ వచనం చూడండి. యెహోవా అతనితో పాటు జైల్లోకి కూడా వెళ్లాడు.

చెరసాల సంగతి, 40వ అధ్యాయం, రేపు చూద్దాం. ఈ రాత్రికి ఫోను మంచం దగ్గర కాకుండా తలుపు పక్కనున్న ప్లగ్గులో పెట్టి పడుకోండి.