మంటలు లేని రోజున ఫైర్ స్టేషన్ చేసే పని

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో, పత్తి బేళ్లతో పాటు పేలుడు సామగ్రి తెచ్చిన ఓడ అంటుకుని పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే ఈ వారం. ఆ రోజుల్లో ఫైర్ వారు బజారులోనూ, బడుల్లోనూ ప్రదర్శనలు ఇస్తారు. పిల్లల వినోదం అనుకుని మనం పక్కనుండి వెళ్లిపోతాం. కాలిన రోగులకు కట్లు కట్టే మాకు మాత్రం అది మందులకంటే ముందు అందవలసిన వైద్యం.

చిన్న ఊరి స్టేషన్లో తరచుగా ఒకే ఫైరింజన్ ఉంటుంది. దానిలో సాధారణంగా పట్టేది 4500 లీటర్ల నీరు. రెండు గొట్టాలతో కొడితే కొద్ది నిమిషాలలో అయిపోతుంది. అందుకని మంచి స్టేషన్ వారు మంటలు లేని రోజుల్లోనే ఊరంతా తిరిగి ఏ చెరువు దగ్గరకు బండి పోతుంది, ఏ రైస్ మిల్లులో తొట్టి ఉంది, ఏ బోరు ఎండాకాలంలో కూడా పోస్తుంది అని చూసి పెట్టుకుంటారు. ఏ సందులోకి బండి పట్టదో కూడా వారికి తెలియాలి. మీ వీధిలో నీళ్ల తొట్టి ఉంటే దాని దారికి అడ్డంగా కట్టెలు పేర్చకండి. పెళ్లి పందిరి వీధి మొత్తం మూసేలా వేయకండి. ఈ రెండూ మన చేతిలోనివే.

పాకల వరుసలో ఒక ఇల్లు అంటుకుంటే ఫైర్ వారు ఒక్కోసారి ముందుగా గాలివాటున ఉన్న పక్క పాకలను తడుపుతారు. "మా ఇల్లు కాలుతుంటే వాళ్ల ఇంటిమీద కొడతారేమిటి?" అని జనం తిట్టడం సహజం. కాని ఎండిన తాటాకు ఇల్లు నిమిషాల్లో బూడిద అవుతుంది. మిగిలిన పది ఇళ్లు నిలబెట్టడమే అప్పుడు పని. వారిని ఆపకండి.

బడులకు, ఆసుపత్రులకు తనిఖీకి వచ్చి "ఈ వెనుక తలుపు తాళం తీయించండి" అన్నప్పుడు కూడా విసుక్కోకూడదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంట పాకలో లేచిన మంట పై అంతస్తు ఆకు కప్పుకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాతే అక్కడ బడులపై ఆకు కప్పులు తీయించారు. మా వార్డులలోనూ తలుపులకు అడ్డంగా మంచాలు వేయవద్దని బంధువులకు చెబుతూనే ఉంటాము. కొందరికి కోపం వస్తుంది. ఫరవాలేదు.

ఇక ఫోన్ సంగతి. మనవాళ్లు అరగంట బిందెలతో పోసి, చేతకాక అప్పుడు ఫోన్ చేస్తారు. మంట చూడగానే 101 గాని 112 గాని చేయండి. ఊరు, వీధి, దగ్గరలో గుడి, చర్చి, వాటర్ ట్యాంకు వంటి గుర్తు, ఏమి కాలుతోంది, లోపల మనుషులున్నారా అన్నది చెప్పండి. వాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకండి. నిజమో కాదో తెలుసుకోవడానికి తిరిగి చేస్తారు, ఎత్తండి. ఒకరు రోడ్డు మీదికి వెళ్లి బండికి దారి చూపించాలి.

బండి వచ్చేలోగా: మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, స్టవ్ ఆపి మూత పెట్టండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటర్ కట్టి తలుపులు తెరవండి. ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు, నేలమీద దొర్లాలి.

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయండి. ఐసు వద్దు. ఇంకు, టూత్‌పేస్టు, పిండి పూసి తెస్తే అవి కడగడానికే రోగికి రెండోసారి నరకం. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. అంటుకుపోయిన బట్టను లాగకండి. ఉతికిన దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి.