సీసీ కెమెరా పెట్టెలోని డిస్కును గాపాడుట

నల్లజర్లనుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో నే దుకాణమున జూచినను, ఏ పెట్రోలు బంకున జూచినను సీసీ కెమెరా కనుపించును. బాలురు కెమెరానే చూతురు గాని, అది చూచినదంతయు వ్రాసి దాచునట్టి డీవీఆర్ అను పెట్టెను దలంపరు. పెద్దలును దలంపరు. దొంగతనమో ప్రమాదమో జరిగిననాడు విప్పి చూడగా, లోని హార్డ్ డిస్కు ఎన్నడో చెడియుండుట బయల్పడును. ఇందలి చిక్కేమనగా, డిస్కు చెడినను తెరపై బొమ్మలు యథాప్రకారముగ గనబడుచునే యుండును. కెమెరా చూపుట వేఱు, డిస్కు దాచుట వేఱు.

ఇంతకు నా డిస్కన నేమి? మూతలో బిగించిన నున్నని పళ్లెములు నిమిషమునకు 5400 సారులో 7200 సారులో తిరుగుచుండును. అయస్కాంతపు గుర్తులను వ్రాయు చిన్న తల యొకటి వానిని దాకక, మిల్లీమీటరులో లక్షవ వంతుకంటెను దక్కువ యెత్తున దేలుచుండును. 1956లో ఐబీఎం వారు తొలిసారి యిట్టి యంత్రమును జేసినపుడు 50 పళ్లెములును గలిసి దాచినవి 50 లక్షల అక్షరములు మాత్రమే.

ఇంటి కంప్యూటరులోని డిస్కునకు విశ్రాంతి గలదు. డీవీఆర్ లోనిదానికి లేదు. అది రాత్రింబవళ్లు వ్రాయుచు, నిండగనే పాతదానిని జెరిపి క్రొత్తది వ్రాయును. కావున నిఘాకొఱకే చేసిన డిస్కును గొనవలెను. చౌకయని పాత కంప్యూటరునుండి యూడదీసినదానిని బెట్టుట మాకు సమ్మతము కాదు.

ఎంత డిస్కు గావలెనో విద్యార్థులే లెక్క వేయవచ్చును. ఒక కెమెరా సెకనునకు 20 లక్షల బిట్లు పంపినయెడల, దినమునకు గల 86,400 సెకనులలో 21.6 గిగాబైట్లగును. నాలుగు కెమెరాలకు 30 దినములకు రమారమి 2,600 గిగాబైట్లు; నాలుగు టెరాబైట్ల డిస్కు చాలును. ముప్పది దినములే యేల? జనము గుమిగూడు సంస్థలు అన్నినాళ్ల చిత్రములను నిలువ యుంచవలెనని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టము విధించినది. పోలీసు స్టేషనులకైతే సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో 18 నెలలని చెప్పి, అది సాధ్యము గానిచో ఏడాదికి దక్కువ కారాదనినది.

మన మెట్టసీమ యెండ డిస్కునకు బరమశత్రువు. దొంగ యెత్తుకొనిపోవునను భయమున డీవీఆర్ ను గాలి చొరని బీరువాలో బెట్టి తాళము వేయుదురు. దొంగబాధ తప్పును గాని వేడిబాధ తప్పదు! చిల్లులుగల పెట్టెలో నుంచి, చుట్టును జానెడు చోటు విడువవలెను. కొల్లేటి లంకలలో చెమ్మ యెక్కువ గనుక నేలమీద నుంచరాదు. పిండిమర గోడకు దగిలింపరాదు. గాలివానకు గరెంటు పోయి వచ్చుచుండిన వ్రాత నడుమ నాగి చెడును. చిన్న యూపీఎస్ పెట్టుట మేలు.

ఇన్ని చేసినను డిస్కు ఒకనాటికి అరుగక మానదు. అందుచే వారమున కొకసారి నిన్న రాత్రి చిత్రమును ఆడించి చూడవలెను; మిక్కిలి పాతది ఏ తేదీదో గూడ జూడవలెను. ముప్పది దినములుండవలసినచోట తొమ్మిదియే యున్న ఏదో లోపము గలదు. పెట్టెలోనే డిస్కు ఆరోగ్యమును జూపు పట్టిక యుండును. చెడిన గడుల సంఖ్య పెరుగుచున్నయెడల, పని చేయుచుండగనే మార్చవలెను. పెట్టె కీచుమని యరచిన గొందఱు ఆ శబ్దమునే యాపివేయుదురు; ఇది జ్వరము జూపినదని థర్మామీటరును విసరివేయుటవంటిది. టిక్కు టిక్కుమను చప్పుడు వినబడిన వెంటనే కరెంటు తీసివేయవలెను. కావలసిన చిత్రము అందులో నుండగా, డిస్కును ఫార్మాటు చేయుదునా యని పెట్టె యడిగిన, ఎంతమాత్రము ఔనని నొక్కక, డిస్కును విప్పి భద్రపఱచి నేర్పరి కీయవలెను.