చౌక విడిభాగములతో గొలుసు రంపము కూర్చువారికి



సరుగుడు, సుబాబులు నఱకుటకు పెట్రోలు గొలుసు రంపము మిక్కిలి యుపయోగకరము. విడిభాగములుగా వచ్చు చౌక రంపమును కొన్నచో, ప్రతి భాగమును పరీక్షించిన పిదపనే బిగింపవలెను.

మొదట సిలిండరు లోపలిగోడను వెలుతురున చూడుడు. లోహపు పూత లేచిన సిలిండరును తిరిగి పంపవలెను. రంధ్రముల యంచులు పదునుగా నున్నచో రింగు తగులుకొని విఱుగును. సన్నని ఎమరీ కాగితముతో ఆ యంచులను మాత్రమే నునుపుచేయుడు. పిమ్మట రింగును సిలిండరులో నుంచి, కొసల నడుమ సందును ఫీలరు గేజితో కొలువుడు. 54 మిల్లీమీటర్ల సిలిండరునకు సుమారు 0.2 మిల్లీమీటరు సందుండవలెను. సందు లేనిచో వేడికి రింగు సాగి బిగుసుకొనును. గేజి సంఘమున కొక్కటి యున్న చాలును.

పిస్టను పిన్నును నిలుపు తీగ లాకులు బలహీనమైనచో ఊడి సిలిండరును చెఱచును. అవి స్వల్ప ధరవి. మేలైనవి వేరుగా కొనుడు.

కూర్చిన పిదప దారులన్నియు మూసి, 0.5 బార్ గాలి నింపుడు. గేజి ముల్లు దిగినచో సబ్బునీరు పూయుడు. బుడగ లేచిన చోట గాలి పోవుచున్నదని యెఱుంగుడు. ఆ లోపమున్న యంత్రమున పెట్రోలుతో వచ్చు నూనె చాలక పిస్టను పట్టుకొనును.

తుదకు, బ్రేకును త్రోయగనే పరుగెత్తు గొలుసు తక్షణము నిలువవలెను. నిలువనిచో ఆ రంపమును చెట్టు దగ్గఱకు తీసికొనిపోవలదు. యంత్రము పోయిన మఱల కొనవచ్చును. చేయి పోయిన కొనలేము.