వర్గసంఖ్యల తుది అంకెలు

నేను ఉపాధ్యాయుడనైన తొలి దినములలో ఒకనాడు నల్లబల్లపై 5183 అని వ్రాసి, అది పూర్ణవర్గమగునో కాదో చెప్పుడని తరగతి నడిగితిని. అందఱును పలకలపై భాగహారమునకు పూనుకొనిరి. వెనుక వరుసలోని యొక బాలుడు మాత్రము బలపమైనను పట్టక "కాదండి" అనెను. ఊహించి పలికినాడని తలచి నేను వానిని మందలించితిని. వాడు బెదరక, "మూడుతో ముగియు వర్గము లేదండి" అని బదులు చెప్పెను.

వాడు చెప్పినది నిజము. ఒక సంఖ్యను దానితోనే హెచ్చించినపుడు లబ్ధములోని ఒకట్ల అంకె, మూలసంఖ్యలోని ఒకట్ల అంకెపైననే ఆధారపడును. కావున సున్న మొదలు తొమ్మిదివఱకు పరీక్షించిన చాలును. వాని వర్గముల తుది అంకెలు వరుసగా 0, 1, 4, 9, 6, 5, 6, 9, 4, 1. ఇందు 2, 3, 7, 8 అను అంకెలకు చోటు లేదు.

పదుల స్థానమునకును ఒక నియమము కలదు. బేసిసంఖ్య వర్గములో ఆ స్థానమున సరి అంకెయే యుండును. 37ను 30, 7 అని విడదీసి వర్గము చేసిన 900, 420, 49 వచ్చును. 900 పదుల స్థానమును తాకదు. 420 అందు సరి అంకెనే చేర్చును. 49లో పదుల అంకెయు సరియే. మొత్తము 1369. ఏ బేసిసంఖ్యకైనను ఇట్లే జరుగును.

ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా సుమారు 1643లో 2027651281 అను సంఖ్యకు కారణాంకములను వెదకుచు ఈ సూక్ష్మమునే వాడెను. ఒక వర్గమునుండి ఆ సంఖ్యను తీసివేయగా మిగిలినదియు వర్గమే యైనచో కారణాంకములు దొరకును. 45030 వర్గమునుండి తీసివేయగా 49619 మిగిలెను. 19తో ముగియు వర్గము లేదు గనుక దానిని విడిచెను. తుదకు 45041 వర్గమునుండి తీసివేయగా 1040400 వచ్చెను. అది 1020 వర్గము. ఆ రెంటి భేదము 44021, మొత్తము 46061; ఇవియే కారణాంకములు.

అయినను జాగ్రత్త వలయును. 21 అను సంఖ్య ఈ రెండు నియమములకును లోబడినను వర్గము కాదు. తుది అంకెలు "కాదు" అని చెప్పగలవు గాని "అగును" అని చెప్పజాలవు. నేనును ఆనాడు పైగుర్తునే నమ్మితిని. పలకపై లెక్క లేకుండుట చూచి, బాలుని మనస్సులోను లేదనుకొంటిని. కారణమడుగక మందలించిన తప్పును తరగతి యెదుటనే ఒప్పుకొంటిని.