అరుంధతి కనబడిందా అక్కా?

అక్కా, చెల్లీ, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. పెళ్లిలో పురోహితులు అరుంధతిని చూపించినప్పుడు మీకు నిజంగా కనబడిందా?

నాకు కనబడలేదు. మా మురుగమల్లలో మిట్టమధ్యాహ్నం, పందిరి బయట నిలబెట్టి ఉత్తరం వైపు చూడమన్నారు. అందరూ నా మొహమే చూస్తుంటే "కనబడింది" అనేశాను. ఆ మాట ఏళ్ల తరబడి మనసులో ముల్లులా ఉండిపోయింది.

పోయిన వేసవిలో ఒక శనివారం, పాపను తీసుకుని కావలూరు వేధశాలకు వెళ్లాం. వాణియంబాడి నుంచి ఆలంగాయం దాటితే జవ్వాది కొండల్లో ఉంది ఆ వేధశాల. శనివారాలు జనాన్ని రానిస్తారు. మబ్బు లేకుంటే రాత్రి ఆరంగుళాల టెలిస్కోపులో ఆకాశం చూపిస్తారు. ఆ చోటును ఏరి పట్టుకున్నది ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పుగారు. వాళ్ల నాన్న హైదరాబాదులో నిజామియా వేధశాలలో పనిచేసేవారు, అందుకే ఆయన చుక్కలు చూడటం నేర్చింది మన తెలుగు నేల మీదే. 1982లో ఆయన పోయారు. ఆయన తలపెట్టిన పెద్ద టెలిస్కోపు 1986లో ఆయన పేరుతోనే మొదలైంది. దాని అద్దం అడ్డకొలత 2.34 మీటర్లు, మన ఇంటి తలుపు ఎత్తు కన్నా ఎక్కువ.

ఆ రాత్రి ఆరంగుళాల టెలిస్కోపు దగ్గర నా వంతు వచ్చింది. సప్తర్షుల తోకలో వసిష్ఠుడి మీద నిలిపారు. కన్ను ఆనిస్తే ముందు మసక. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మెల్లగా తేటపడింది. మనం ఒక్కటనుకునే వసిష్ఠుడు రెండు చుక్కలై, పక్కపక్కనే ఒదిగి ఉన్నాడు. కాస్త ఎడంగా, ఒంటిగా అరుంధతి. నా కళ్లు చెమ్మగిల్లాయి.

ఒంటిగా అన్నానా, అదీ నిజం కాదు. అరుంధతికి ఒక తోడు చుక్క ఉందని 2009లో బయటపడింది. వసిష్ఠుడి రెండు చుక్కలూ మళ్లీ జంటలే. మొత్తం ఆరు! ఆ వెలుగు మన దాకా రావడానికి ఎనభై ఏళ్లు పడుతుంది. ఆ రాత్రి నా కంట్లో పడింది మా అవ్వ పెళ్లికూతురుగా ఉన్ననాటి వెలుగు.

మీరూ వెళ్లండమ్మా. ముందే కనుక్కుని బయలుదేరండి. ఫోను మూసి పెట్టండి, చీకటికి కన్ను అలవాటు పడటానికి అరగంట కావాలి. గొట్టాన్ని చేత్తో పట్టుకోకండి, బొమ్మ కదిలిపోతుంది. వెనక వరస ఉందని మొహమాటపడి పక్కకు తప్పుకోకండి. పిల్లలకు మొదటి వంతు ఇవ్వండి.

అంత దూరం పోలేకుంటే మిద్దె ఎక్కండి. చైత్ర వైశాఖాల్లో, రాత్రి భోజనాలయ్యాక సప్తర్షులు ఉత్తరాన బాగా కనిపిస్తారు. వసిష్ఠుడిని ఆనుకున్న అరుంధతి వట్టి కంటికే దొరుకుతుంది.

ఊరికి వచ్చాక పాపను మిద్దె మీదికి తీసుకెళ్లి చూపించాను. "కనబడిందా?" అన్నాను.

"ఇంకా లేదమ్మా" అంది.

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. కనబడేదాకా పక్కనే కూర్చున్నాను.