బొమ్మల పుస్తకం వేద్దామంటే: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాకు పట్టుపురుగుల మేపకం ఉంది. దాని మీదే పిల్లలకు బొమ్మల కథ రాశాను. రాత నాలుగు పేజీలు వచ్చింది. ఇంత చిన్న కథ పుస్తకం అవుతుందా?
- ఒక రైతు, చింతామణి తాలూకా

జవాబు: చిన్నదా? ఇంకా తగ్గించాలి. బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మదే. ‘పురుగులు ఆకు తింటున్నాయి’ అని రాసి పక్కన అదే బొమ్మ వేస్తే పాపకు చూడ్డానికి ఏం మిగులుతుంది? ‘రాత్రంతా వాన పడుతోందనుకుంది చిన్ని’ అని మాత్రం రాయండి. పేజీ తిప్పితే తట్టల నిండా ఆకు కొరికే పురుగులు కనబడాలి. వాన చినుకుల్లాంటి ఆ మేత చప్పుడు మీకు రోజూ వినబడేదే, పట్నం పిల్లలకు అదే పెద్ద వింత.

నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడవండి, 16 పేజీలు వస్తాయి. ప్రెస్సులో కూడా లెక్క 8, 16 చొప్పునే సాగుతుంది. పెన్సిల్‌తో గీసి, తిప్పి చూసుకోండి. నాలుగు జ్వరాలు (మేత మానేసి పొర విడిచే దశలు) దాటి, గూడు కట్టుకోవడానికి పురుగు చంద్రిక తట్ట ఎక్కడం మీ కథకు తయారుగా దొరికిన నడక. ఒక్కో జ్వరం దగ్గర పేజీ తిరగాలి. ముఖ్యమైన ముఖాన్నీ చేతినీ మాత్రం మడతలోకి పోనివ్వకండి.

గూళ్లన్నీ తెల్లగా వేసెయ్యకండి. బైవోల్టిన్ జాతి పురుగు గూడు తెలుపు, మన దగ్గరి సంకరజాతిది పసుపుపచ్చ. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్ చూసిన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. చివర్లో గూడు చీల్చుకుని పట్టుచిలుక ఆకాశంలోకి ఎగిరినట్టూ చూపొద్దు. అది ఎగరలేదు, పైగా దారం తీసే గూళ్లు వేడినీళ్లలో పడతాయి. ఆ సంగతి చెప్పడం ఇష్టం లేకపోతే చంద్రిక దగ్గరే కథ ఆపండి, తప్పేం లేదు.

ప్రశ్న: మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. పుస్తకం ఏ లిపిలో వేయాలి?
- ఒక టీచరమ్మ, బాగేపల్లి

జవాబు: రెండూ వేయండమ్మా. తెలుగు వాక్యం తెలుగు లిపిలో, దాని కిందే అదే వాక్యం కన్నడ లిపిలో. వాగ్గేయకారుడు కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ అక్షరాల్లో చూసి పాడుకునే సీమ మనది, ఇదేం కొత్త కాదు. ఇంట్లో అనే మాటే రాయండి, పాఠ్యపుస్తకం తెలుగులోకి దిద్దకండి.

చిక్కంతా చోటుతోనే. రెండు లిపుల్లోనూ ఒత్తులు కిందికి దిగుతాయి. వరసల మధ్య ఎడం చాలకపోతే అవి కింది వరస గుడుల మీద పడతాయి. అందుకని బొమ్మ వేసేటప్పుడే ఆకాశమో గోడో కొంత ఖాళీగా వదిలించుకోండి. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో అవే బొమ్మలకు తెలుగులోనూ కన్నడలోనూ కథలున్న పుస్తకాలు ఉచితంగా చూడొచ్చు.

ప్రశ్న: బొమ్మలు వేసేది నా స్నేహితుడే. ఒప్పందం అవసరమా?
- ఒక పాఠకుడు, చిక్కబళ్లాపురం

జవాబు: స్నేహితుడు కాబట్టే అవసరం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు వేయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. డబ్బెంత, ఎన్నిసార్లు దిద్దిపెట్టాలి, రెండో ముద్రణకు ఏమిస్తారు అన్నవీ రాసుకోండి. అచ్చయ్యాక అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉండాలో కూడా.